పదకొండు కంచాలు

"ఈ ఇంటిని మీరు కళ్లారా చూశారా?" అంటూ డైరెక్టరమ్మ ఫారాన్ని బల్ల మీద పడేసింది.

జనాభా పరిశోధకుడు ఫారం అందుకున్నాడు. ఆ ఇంటిని చూడలేదు. నాలుగు వేల ఇళ్ల ఫారాలు వచ్చాయి, ఎన్నని చూస్తాడు?

"ఒకే ఇల్లు, పదకొండు మంది, ఆరు మాతృభాషలు! మెకానిక్కు, నర్సు, వాచ్‌మన్, ఇద్దరు డ్రైవర్లు, పిల్లల్నేసుకున్న తల్లి... అందరూ ఇంటి పెద్దావిడకి తమ్ముళ్లూ చెల్లెళ్లూ మనవలూనట. ఎవరి చెవిలో పువ్వులు పెడదామని? ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయాల్సిన ఆ అమ్మాయి గడప తొక్కకుండా ఏ టీకొట్టులోనో కూర్చుని నింపేసింది."

ఒక్క దొంగ ఫారం దొరికినా అది నింపినవాళ్ల ఫారాలన్నీ చెత్తబుట్టకే. ఆ అమ్మాయి నింపినవి మూడొందలు. ఆమె ఉద్యోగం ఊడటం ఒకెత్తు, బస్సు డిపో వెనక పేట మొత్తం లెక్కలోంచి ఎగిరిపోవడం ఇంకొకెత్తు. అక్కడ ఇన్ని భాషలవాళ్లున్నారని తేలితేనే ఆసుపత్రిలో దుబాసీలను వేస్తారు. లేకపోతే రోగులు పొట్ట మీద చెయ్యేసుకుని డాక్టరుకు సైగలు చేస్తూ ఉండాల్సిందే. మూడేళ్లుగా పరిశోధకుడు కాళ్లరిగేలా తిరుగుతున్నది అందుకే. ఈ లెక్కను ఆమోదించే కమిటీ కూర్చునేది ఆ సాయంత్రం ఐదింటికి.

"నేనే వెళ్లి చూసొస్తాను మేడం," అన్నాడు.

వరండాలో ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"ఒట్టు సార్, ఉన్నదే రాశాను."

"వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసెయ్యడమేనా అమ్మా?"

"మీ సూచనల పుస్తకంలో అలాగే ఉంది కదా సార్. ఆరు నెలలకు తగ్గకుండా ఒకే వంట తింటున్నవాళ్లంతా ఒకే ఇంటివాళ్లని."

ఆ వాక్యం రాసింది తనే. అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

డిపో వెనక సందులో తలుపు తీసింది మెడలో టేపు వేసుకున్న ముసలావిడ. ముందు గదిలో కుట్టు మిషను, వెనక వంటిల్లు. గోడవారగా బోర్లించిన కంచాలు పదకొండు.

"కంచాలదేముంది, మనుషులేరీ?" అన్నాడు పరిశోధకుడు.

"రెండింటికల్లా వచ్చేస్తారు నాయనా. డిపో, ఆసుపత్రి, బడి, అన్నీ పక్కనేగా."

వచ్చారు. ఒక్కొక్కరే చెప్పులు విప్పి లోపలికొస్తుంటే అతను వేళ్లు మడిచాడు. ముసలావిడతో కలిపి పది. అక్కడితో ఆగిపోయింది. రెండున్నర అయింది. పదకొండో కంచం ఖాళీగా ఉంది. పరిశోధకుడు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పక్కనున్న అమ్మాయి గుమ్మంలోకి వెళ్లి సందులోకి తొంగిచూసింది.

అప్పుడు లోపలి గదిలోంచి, దుప్పటి భుజాన వేసుకుని ఆవులిస్తూ వచ్చాడు రాత్రి డ్యూటీ వాచ్‌మన్.

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక భాషల సంగతి అడగనక్కర్లేకపోయింది. కూరలో ఉప్పెక్కువైందన్న ఫిర్యాదు ఆరు భాషల్లో వినబడింది. ముసలావిడ ఆరింటికీ ఒకే భాషలో గట్టిగా జవాబిచ్చింది. అందరికీ అర్థమైనట్టే ఉంది, నోరు మూసుకుని తిన్నారు.

"అందరూ నా దగ్గర అద్దెకున్నవాళ్లే," అందావిడ. "గదికో స్టవ్వు పెట్టుకుని రోజూ గిన్నెలు మాడ్చుకుంటుంటే చూడలేకపోయాను. తీసి అవతల పడేయించాను. ఒకే వంట తింటూ తింటూ వరసలు కలిశాయి. మీరూ కూర్చోండి నాయనా. ఇంట్లో ఎదురుచూస్తుంటారా?"

"ఎవరూ లేరండి. నాకు క్యాంటీనే."

"అయితే కూర్చోండి. ఒక్కటే షరతు, ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి."

తిన్నాడు. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అయినా మారడిగి తిన్నాడు. కంచం కడిగి, చేతులు తుడుచుకోకుండానే ఆఫీసుకు పరుగెత్తాడు. ఐదింటికి కమిటీ లెక్క ఒప్పుకుంది. దుబాసీలను వేయడానికి సరేనంది. ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడింది. మూడేళ్ల బరువు దిగి, ఆ రాత్రి అతను ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ లెక్కలు, మళ్లీ ఫారాలు, మళ్లీ డైరెక్టరమ్మ పిలుపు.

"అదే ఇల్లు, అదే అమ్మాయి!" ఆవిడ ఫారాన్ని గాల్లో ఊపింది. "పోయినసారి పదకొండు మంది, ఇప్పుడు పన్నెండు. ఇంకో తమ్ముడు పుట్టుకొచ్చాడు. ఫారంలో పేర్లు రాయించం కదా, ఇక వాళ్లిష్టం! వయసు యాభై ఒకటట, ఏదో ఆఫీసులో ఉద్యోగమట, నా అన్నవాళ్లు లేరట, ఎనిమిది నెలలుగా అక్కడే భోజనమట. ఈ పన్నెండోవాణ్నైనా మీరు కళ్లారా చూశారా?"

పరిశోధకుడు తల గోక్కున్నాడు.

"చూస్తున్నానండి మేడం, రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో."