కాజాల పెద్దమ్మ

“కాస్త జరుగమ్మా, నేనూ కూర్చుంటా.”

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్న ఆమె తలెత్తి చూసింది. భుజాన గుడ్డసంచితో ఓ పెద్దావిడ. నవ్వు మొహం.

ఆమె జరిగింది. మాట్లాడే ఓపిక లేదు.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం ఆమె వృత్తి. నాలుగేళ్ళ కిందట మణికట్టు దగ్గర మొదలైన నొప్పి ఇప్పుడు ఒళ్ళంతా తిరుగుతోంది. ఓ రోజు మోకాళ్ళు, ఓ రోజు మెడ. రెండు రోజులు పని చేస్తే నాలుగు రోజులు మంచం. చేయించని పరీక్ష లేదు. అన్నీ నార్మలే.

“చూడ్డానికి నిక్షేపంలా ఉన్నావుగా!” అనని చుట్టమూ లేదు.

పెద్దావిడ సంచిలోంచి చొక్కా తీసి కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఎవరో దర్జీకి చేతికుట్టు కాజాలు కుట్టి ఇస్తుందట. నాలుగు కుట్లు వేసి ఆగేది. ఓ కబురు చెప్పేది. మళ్ళీ నాలుగు కుట్లు.

“ఎవరికి బాగాలేదు పెద్దమ్మా?” మర్యాదకి అడిగింది ఆమె.

“మా మనిషికే. గురువారం గురువారం తీసుకురావాలి. మరి నీకేంటమ్మా?”

“ఏమీ లేదట.”

“ఎవరన్నారు?”

“రిపోర్టు.”

“నొప్పి నీకా, రిపోర్టుకా?”

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత ప్రతి గురువారం అదే బల్ల.

“గీస్తున్నావా?” ఓసారి అడిగింది పెద్దావిడ.

“లేదు. ఇరవై నాలుగు పేజీల పుస్తకం. తొమ్మిదో పేజీలో ఆగిపోయింది. వేరేవాళ్ళని చూసుకోమని ప్రచురణకర్తకి చెప్పేస్తా.”

“కథేంటి?”

“దారి తప్పిన బాతుపిల్ల.”

“తొమ్మిదో పేజీలో ఎక్కడుందది?”

“వాగు మధ్యలో. రాయి మీద.”

“అయ్యో! అక్కడే వదిలేశావా దాన్ని? ఇదేం అన్యాయం తల్లీ!”

“చెయ్యి లేవట్లేదు పెద్దమ్మా.”

“రోజుకో రెక్క గియ్యి. అదీ చేతకాని రోజు కళ్ళు మూసుకుని ఏ రంగు వెయ్యాలో అనుకో. అదీ పనే.”

ఇంటికెళ్ళి ఆమె ఒక రెక్క గీసింది. రెండో రెక్కకు మూడు రోజులు పట్టింది. అయినా గీసింది.

ఇంకో గురువారం ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఇవాళ దేవుడికి దణ్ణం కూడా పెట్టుకోలేదు. అడిగి అడిగి విసుగొచ్చేసింది.”

“అయితే అడగకు. తిట్టు.”

“దేవుణ్ణా?”

“ఆయన్నే. వినేవాడు ఉన్నాడనేగా తిట్టేది? అదీ నమ్మకమే. తిట్టడం అయ్యాక ఒక్క మంచి ముక్క కూడా చెప్పు. పాపం, ఆయనా నొచ్చుకుంటాడు!”

మర్నాడు పొద్దున్నే ఆమె తలుపేసుకుని తిట్టింది. కాఫీ తెచ్చిన భర్త గుమ్మం బయటే ఆగిపోయాడు.

“నన్నేనా?” అన్నాడు భయంగా.

“మిమ్మల్ని కాదు లెండి!”

చివర్లో, పెద్దమ్మ చెప్పింది కాబట్టి, ఒక మంచి ముక్క చెప్పింది: “నిన్న నీళ్ళకి నీలం బాగా కుదిరింది. సంతోషం.”

రోజులు గడిచేకొద్దీ తిట్లు తగ్గాయి. మంచి ముక్కలు పెరిగాయి. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒక్కసారి మాట జారింది ఆమె.

ఎంతో ఆశ పెట్టుకున్న కొత్త పరీక్షలోనూ ఏమీ తేలని రోజు అది. “పోనీలే అమ్మా,” అంది పెద్దావిడ.

“పోనీలేనా? మీకేం, ఎన్నయినా చెప్తారు! ఒక్కరోజు ఈ ఒళ్ళు మోస్తే తెలుస్తుంది!”

సూది ఆగింది.

“నిజమే. ఆ మాట నేను ఇవాళ అనకుండా ఉండాల్సింది,” అంది పెద్దావిడ మెల్లగా. కోపం లేదు. వెళ్ళి రెండు టీలు తెచ్చింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ తాగింది.

ఎనిమిది నెలలకు పుస్తకం పూర్తయింది. జబ్బుకింకా పేరు లేదు. అయినా ఇరవై నాలుగు పేజీలూ ఆ చేత్తోనే గీసింది.

అచ్చయిన మొదటి ప్రతి మీద పెద్దమ్మకి నమస్కారం రాసి, ఆనాటి మాటకు క్షమాపణ కూడా చెప్పాలనుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

బల్ల ఖాళీగా ఉంది.

ఆ తర్వాతి గురువారం కూడా.

మూడో గురువారం ఫైళ్ళ గదిలో గుమస్తాను అడిగింది. “ఇక్కడ కాజాలు కుట్టుకునే పెద్దమ్మ రావట్లేదేంటండీ?”

“పోయారమ్మా. మూడు వారాలు కావస్తోంది. నిద్రలోనే.”

ఆమె కిటికీ అంచు పట్టుకుంది.

“మరి ఆవిడ తీసుకొచ్చే మనిషి? పాపం, ఇప్పుడెవరు తీసుకొస్తున్నారు?”

గుమస్తా ఆమె చేతిలో పుస్తకం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

“బొమ్మలేసే అమ్మాయి మీరేనా?”

ఆమె తలూపింది.

“ఆవిడ ఎవర్నీ తీసుకురాలేదమ్మా. చూపించుకోవడానికి వచ్చేది ఆవిడే.”

“ఆవిడకేం జబ్బు?”

గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“‘ఆ పిల్లదీ నాదీ ఒకటే జబ్బు, ఇరవై ఆరేళ్ళయినా దానికి పేరు దొరకలేదన్న సంగతి మాత్రం చెప్పకు బాబూ,’ అనేవారమ్మా, ‘చెబితే బొమ్మలు మానేసి ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.’”