ఆ ఎత్తులో అన్నం

"సార్, అక్క బ్యాగు ఇస్తరా? మళ్ల కొండకు పోతానం," అంది తేజస్విని, చెప్పులు విప్పుతూనే. కాశిబుగ్గ పిల్ల. నా భార్య పద్మలతతో కలిసి హిమాలయాలెక్కిన జట్టులోది.

పద్మలత ఈ వేసవిలో జ్వరంతో చనిపోయింది. బ్యాగు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. ఇవ్వబుద్ధి కాలేదు.

గోడ మీది ఫోటో చూపించాను. మంచులో, గుడారం ముందు, పళ్లెం పట్టుకుని పద్మలత విరగబడి నవ్వుతోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ నవ్వు నేనెరగను. దాన్ని వీళ్లకిచ్చి, నాకు జ్వరమూ దవాఖానా మిగిల్చింది.

"అంతగా ఏం చెప్పి నవ్వించిన్రమ్మా మీరు?" అన్నాను. నా గొంతు నాకే పుల్లవిరిచినట్టు వినిపించింది.

"మేమా? మాకు ఏడుపొచ్చింది సార్. కూలీలు లేరు, వంటోళ్లు లేరు. మోసుడు మేమే, వండుడు మేమే. అంత ఎత్తుల ఎంత ఉడికించినా అన్నం పలుకే. గ్యాస్ అయిపాయె. ఎవ్వరం ముద్ద మింగలే."

"మరి పద్మ?"

"అక్క ఒక్కతే పళ్లెం ఊడ్చింది. 'అచ్చం మా సార్ వండినట్టే ఉన్నదే' అని ఒకటే నవ్వుడు. గప్పుడు తీసిందే ఈ ఫోటో."

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"నిజమేనా సార్? గట్లనే వండుతరా?"

బ్యాగు తీసి, దుమ్ము దులిపి, ఆమె పక్కన పెట్టాను.

"కూసో బిడ్డా, తినిపో. పొద్దుగాల వండిందున్నది."

తేజస్విని మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. ఫోటో వైపు చూసింది.

"అక్క అబద్ధం చెప్పలే సార్," అంది.