పరాయి గుమ్మం

"ఆ ఇంటర్నెట్ అడ్రస్ ఇక మనకివ్వరట చేచీ. పొద్దున్నే క్లౌడ్ కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారట." ప్రసీదను అక్కలా చేచీ అని పిలిచే షిబిన్ ఫోన్ పెట్టేశాడు.

ప్రసీద కిటికీ బయటి వానకేసి చూసింది. కేరళలోని ఆలువాకు ఎగువన నది వంతెనల కింద నీటిమట్టం కొలిచే నలభై పెట్టెలకూ తెలిసింది ఆ ఒక్క అడ్రసే. అవి దానికి కబురు పంపితేనే ఒడ్డున ఉన్నవాళ్లను ఖాళీ చేయించేది. కొత్త అడ్రస్ ఎక్కించాలంటే పడవలో ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్లాలి. మూడు రోజులుగా వాన తెరిపివ్వలేదు.

"కోడ్‌లోంచి ఆ అడ్రస్ ఉన్న లైను ఎందుకు పీకావురా?"

"ఎవరూ వాడట్లేదనుకున్నా. లైను తీస్తే అడ్రస్సే చేజారుతుందనుకోలేదు. మీరూ సరేనన్నారుగా!"

అంది. ప్రసీద టీ తాగుతూ, ఆ మార్పు చదవకుండానే సరేనంది.

"ఎవరికిచ్చారో చెబితే వెళ్లి కాళ్లు పట్టుకుందాం."

"పేరు చెప్పరట చేచీ."

ఇంతలో పెట్టెల్లోని సిమ్‌లిచ్చిన కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. షిబిన్ పైకి చదివాడు.

"మీ పెట్టెలు ఐదు నిమిషాలకోసారి ఈ పొద్దున తీసుకున్న తన అడ్రస్‌ను తలుపు తట్టినట్టు తడుతున్నాయని ఒకరు ఫిర్యాదు చేశారు. పావుగంటగా ఒకటైతే నిమిషానికోసారి తడుతోందట. ఆపకపోతే సిమ్‌లన్నీ కట్ చేస్తాం."

"చోద్యం కాకపోతే, మనమే దొంగలమట!" షిబిన్ నవ్వాడు.

ప్రసీద నవ్వలేదు. నీరు ప్రమాదపు ఎర్రగీత దాటితేనే నిమిషానికోసారి చెప్పమని ఆ పెట్టెలకు నేర్పింది తనే.

"ఏ పెట్టెరా అది?"

షిబిన్ నవ్వు ఆగిపోయింది. మెయిల్‌ను మళ్లీ మొదటి నుంచీ చదివాడు.

"ఏ పెట్టో రాయలేదు చేచీ. నలభైలో 'ఒకటి' అన్నారంతే."