ఏడో నెల కొలత

"ఏడో నెల వచ్చినా పాత జాకెట్టే పడుతోందంట. ఎక్కడన్నా విన్నావా?"

దుకాణం గుమ్మంలో కాలు పెడుతూనే అడిగింది అత్తగారు. మిషన్ మీద వంగి కుడుతున్న ఆడ దర్జీ కళ్ళజోడు సర్దుకుని, వెనకాల నిలబడ్డ కోడలిని కింద నుంచి పైదాకా చూసింది.

అత్తగారు నిన్ననే పెద్దకొడుకు ఇంటి నుంచి దిగింది. దిగినప్పటి నుంచీ ఆవిడ చూపు కోడలి ఒంటి మీదే. తను కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళు దిండ్లయ్యాయట. ఉంగరం సబ్బు రాసినా ఊడలేదట. మెడ నల్లబడి, ముఖం ఉబ్బి, సొంత తమ్ముడే గుర్తుపట్టలేదట. ఈ పిల్లకు పొట్ట తప్ప ఒక్కటీ మారలేదేం?

కొలత తీస్తే తెలిసిపోతుందంది దర్జీ. కోడలు పైట పొట్ట మీదకు లాక్కుంది. ఇప్పుడెందుకులే అని గొణిగింది. అత్తగారు భుజం పట్టి తెర వెనక్కి పంపింది.

టేపు పొట్ట చుట్టూ తిరిగి మధ్యలో ఆగింది. దర్జీ వేళ్ళు ఒకసారి నొక్కి చూశాయి. దూది.

కోడలు ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చేశారని, మొగుడికి అంతా తెలుసని, ఒక బిడ్డను తెచ్చుకుంటున్నామని గుసగుసగా చెప్పింది. పెంపుడు బిడ్డని తెలిస్తే అత్తయ్య జన్మలో ఎత్తుకోదు పిన్నీ అంది.

"ఏంటంతసేపు?" తెర అవతల నుంచి అత్తగారి గొంతు. "ఒళ్ళు వచ్చిందా, లేదా?"

దర్జీ కోడలి ముఖంలోకి చూసింది. టేపు మెడలో వేసుకుంది.

"రాకేమండీ, ఛాతీ రెండు వేళ్ళు పెరిగింది. పిచ్చిపిల్ల, ఊపిరి బిగబట్టి పాతవి తొడుక్కుంటోంది. అన్నీ వదులు చెయ్యాలి."

అత్తగారి గొంతు మెత్తబడింది. పిల్లను ఎండలో నడిపించుకొచ్చానే అని నొచ్చుకుంది. గోడ మీద ఫొటో చూసి, నీ కొడుకా, ముక్కు అచ్చం నీదే అంది. దర్జీ అవునంది. అత్తగారు కోడలికి సోడా తేవడానికి పక్క కొట్టుకు వెళ్ళింది.

అప్పుడు దర్జీ నోరు విప్పింది. నడుం మీద కట్టావేం, పొత్తికడుపు నుంచి లేవాలంది. వెనక్కి వాలి, కాళ్ళు ఎడంగా వేసి నడవమంది. కుర్చీలోంచి గబుక్కున లేవకూడదు, చెయ్యి ఊతం పెట్టాలి. మొగుడి చెప్పులు తొడుక్కుని, పాదాలు ఉబ్బి నావి పట్టడం లేదనాలి. మాట మధ్యలో ఆగి, లోపల తన్నినట్టు పొట్ట తడుముకోవాలి. "అది మాత్రం ఎక్కువ చెయ్యకు. ఏదీ చూద్దామని ఆవిడ చెయ్యి పెట్టేస్తుంది."

కళ్ళు తుడుచుకుంటూనే కోడలికి నవ్వొచ్చింది.

"ఇన్ని తెలుసంటే, ఎంతమందిని కన్నావు పిన్నీ?"

దర్జీ పేలికల పెట్టె అడుగు నుంచి ఒక మూట లాగింది. వెలిసిన గుడ్డ, లోపల దూది, పక్కల నాడాలు. దాన్ని కోడలి పొట్టకు ఆనించి, నాడాలు వెనక్కి తిప్పి ముడివేసింది. గోడ మీద ఫొటో వైపు చూసింది.

"వాడొక్కడే. వాణ్ణి దీంతోనే మోశాను."