కొత్త సిస్టర్

సర్జన్ ఆ పొద్దున ఈల వేసుకుంటూ ఆపరేషన్ థియేటర్లోకి వచ్చాడు. పీడ విరగడైంది మరి. చెక్‌లిస్టు, చెక్‌లిస్టు అంటూ రెండేళ్లుగా ప్రాణం తోడేసిన నర్సును నిన్న సాయంత్రమే ఉద్యోగంలోంచి తీయించాడు. ఇక కొత్తావిడ వస్తుందని ఆఫీసువాళ్లు చెప్పారు.

బల్ల మీద ఓ నడివయసు ఆవిడ మత్తులో ఉంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆకుపచ్చ గుడ్డలు కప్పారు. పాడైపోయిన కిడ్నీ ఒకటి తీసెయ్యాలి. ఆయనకది కొట్టిన పిండి.

చెయ్యి చాపాడు. చేతిలో కత్తి పడలేదు.

“ముందు చెక్‌లిస్టు చదువుదాం సార్,” అంది నర్సు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది ఆయనకి. టిక్కులన్నీ టీ తాగుతూనే పెట్టేశామనీ, ఇక్కడ అదే పద్ధతనీ కసిరాడు. టోపీకీ మాస్కుకీ మధ్య ఆ రెండు కళ్లు రెప్ప వెయ్యలేదు. ఆవిడ వెళ్లి కత్తుల ట్రేకి అడ్డంగా నిలబడింది.

“నీ ఉద్యోగం ఊడుతుంది సిస్టర్.”

“కుట్లు వేశాక ఊడబెరకండి సార్. అప్పటిదాకా చదవందే కత్తి ఇవ్వను.”

మత్తు డాక్టరు మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు.

ముందుగా ఎవరి పేరు వాళ్లు చెప్పుకోవాలి. మత్తు డాక్టరు చెప్పాడు, అసిస్టెంటు చెప్పాడు. నర్సు వంతు వచ్చేసరికి, ఆ భాగోతం చాలు, తర్వాతది కానిమ్మన్నాడు సర్జన్.

“ఏ వైపు కిడ్నీ సార్?”

గోడకున్న స్కాన్ ఫిల్ము వైపు ఓ చూపు విసిరాడు. “కుడి.”

“పొద్దున చర్మం మీద పెన్నుతో పెట్టిన గుర్తు చూపించండి.”

అసిస్టెంటు గుడ్డ తొలగించాడు. గుర్తు లేదు.

ఫిల్మును ఎవరో తిరగేసి తగిలించారు. దాన్ని చూసే పేషెంటునీ పడుకోబెట్టారు. గుర్తు ఎడమవైపు, ఒంటి కింద ఉంది. పైకి ఉన్నది నిక్షేపంలాంటి కిడ్నీ. అది కాస్తా పోతే పేషెంటు బతుకు డయాలసిస్ మిషన్ పాలే.

సర్జన్ ఫిల్మును సరిగ్గా తిప్పి తగిలించమన్నాడు. పేషెంటును రెండో పక్కకి తిప్పించి, ఎడమ కిడ్నీ తీసి కుట్లు వేశాడు.

చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“రేపట్నుంచి చెక్‌లిస్టు నువ్వే చదువమ్మా. ఆ పోయినావిడకంటే నువ్వు వెయ్యి రెట్లు నయం. ఇంతకీ నీ పేరేంటి?”

ఆవిడ మాస్కు కిందికి లాగి, “కొత్తావిడ రేపొస్తుంది సార్, ఇవాళ్టిదాకా డ్యూటీ నాదే. నేను నిన్న మీరు తీయించేసినదాన్ని,” అంది.