తెరవకూడని బీరువా

“దాన్ని ముట్టుకున్నారంటే ఇక ఇంటికి రానక్కర్లేదు,” అంది భార్య.

తాళాలాయన చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పాపం, అరవై ఏడు రోజులుగా రిమాండులో ఉన్న మనిషి. ఇవాళే బెయిలొచ్చింది. ఆ బెయిలు కాగితం జైలు ఆఫీసు గదిలోని ఇనప బీరువాలో భద్రంగా ఉంది. బీరువా తాళంచెవి గుమాస్తా జేబులో ఉంది. గుమాస్తా మరదలి పెళ్ళిలో ఉన్నాడు. అతని ఫోను మాత్రం ఇక్కడే, కిటికీ పక్కన ఛార్జింగులో ఉంది.

“అయిదు దాటితే విడుదలలు లేవమ్మా. రేపు ఆదివారం, ఎల్లుండి సెలవు,” అన్నాడు జైలరు. “పగలగొట్టాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి కోరే ఫారం కూడా...” అంటూ దిగులుగా బీరువా వైపు చూశాడు.

గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

“తియ్యవయ్యా, నీకిది చిటికెలో పని!” అన్నాడు బెంచీ మీద కాళ్ళు బారజాపుకున్న హెడ్ కానిస్టేబులు. తాళాలాయన్ని పట్టుకొచ్చింది ఆయనే. ఇవాళ మరో ముద్దాయిని అప్పగించడానికొచ్చి, రసీదు కోసం కూర్చున్నాడు. తాళాలాయన మీద కేసేమిటంటే, ఎవరింట్లోనో బీరువాలో నగలు పోయాయి. తాళం పగల్లేదు, గీత కూడా పడలేదు. ‘ఈ రకం తాళం చెవి లేకుండా తీయగలిగేవాడు ఊరు మొత్తమ్మీద ఇతనొక్కడే’ అని హెడ్డుగారు రాసిచ్చిన ఆ ఒక్క మాట మీదే కేసంతా నిలబడి ఉంది. ఈ జైలు బీరువా తాళం కూడా సరిగ్గా అదే రకం.

“తీస్తే ఏమవుతుంది లాయరమ్మా?” అడిగింది భార్య.

“విచారణలో హెడ్డుగారు బోనెక్కి, నా కళ్ళారా చూశానని చెప్తారక్కా,” అంది సర్కారు ఖర్చుతో వాదిస్తున్న లాయరమ్మ.

“తీయకపోతే?”

“మంగళవారం దాకా లోపలే.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే విన్నాను గానీ, రెండిటికీ కలిపి ఒకే తాళం ఉంటుందనుకోలేదు.”

“తన మీద తానే సాక్ష్యం పుట్టించుకోనక్కర్లేదక్కా. నోరు విప్పకుండా ఉండే హక్కు ముద్దాయికి చట్టమే ఇచ్చింది.”

“నోరు విప్పకపోవడం ఆయనకి పెళ్ళయినప్పట్నుంచీ అలవాటే. ఆ చేతులే ఊరుకోవు.”

ఆమెకి ఒకపక్క ఏడుపొస్తోంది. ఇంకోపక్క, ఒట్టు, కుతూహలం ఆగడం లేదు. మొగుడి చెవి దగ్గరికి వంగింది. “నిజం చెప్పండి. అసలు మీకిది తీయడం వచ్చా?”

తాళాలాయన లాయరు వైపు చూశాడు, హెడ్డు వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. “ఇంటికెళ్ళాక చెప్తాను.”

“పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను, నాక్కూడా చెప్పరా?”

“నీకు తెలిస్తే నిన్నూ సాక్షిగా పిలుస్తారే.”

ఆ మాటా నిజమే. ఆమె సంచీలోంచి తీసిన ఇస్త్రీ చొక్కాని మళ్ళీ మడిచింది. మడతలు కుదరలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. “అరవై ఏడు రోజులున్నారు. ఇంకో మూడు రోజులు ఉండండి. పిల్లకి ఏదో ఒకటి చెప్తాను,” అంది, మొహం పక్కకి తిప్పుకుని.

జైలరు రిజిస్టరు మూసేశాడు. “అయితే మీరూ బయల్దేరండి హెడ్డుగారూ.”

“నా రసీదో?”

“రసీదు మీద ముద్ర పడాలి కదా. ముద్ర కూడా బీరువాలోనే ఉంది. మీ వాణ్ణి మీరు తీసుకెళ్ళి మంగళవారం తీసుకురండి.”

“మూడు రోజులు వీణ్ణెక్కడ పెట్టుకోనండీ? రేపు నాకు డ్యూటీ లేదు!”

“మీ ఇంట్లో పెట్టుకోండి.”

“నాకేం అభ్యంతరం లేదు సార్,” అన్నాడు కొత్త ముద్దాయి వినయంగా.

అయిదుకి పది నిమిషాలుంది. హెడ్డు గడియారం చూశాడు, ముద్దాయిని చూశాడు, లేచాడు. “తప్పుకోండయ్యా! ఇంత చిన్నదానికి ఎంత రాద్ధాంతం!”

ఫైలుకున్న క్లిప్పు పీకి, పళ్ళతో సాగదీసి, తాళం కన్నంలో దూర్చాడు. మోకాలితో తలుపుని లోపలికి నెట్టి, హ్యాండిలు ఒక్క ఊపు ఊపాడు. టక్! బీరువా తలుపు తెరుచుకుంది. పై అరలోనే బెయిలు కాగితం, దాని పక్కనే ముద్ర.

తాళాలాయన ఏదో అనబోతే భార్య అతని కాలు తొక్కింది. లాయరమ్మ మెల్లిగా కలం మూత తీసింది.

“భలే తీశారే! మీక్కూడా వచ్చా హెడ్డుగారూ?” అని అడిగింది.

“నాకొక్కడికేనా?” హెడ్డు క్లిప్పుని మళ్ళీ వంచి ఫైలుకి పెట్టుకుంటూ గర్వంగా నవ్వాడు. “మా స్టేషన్ బీరువా కూడా ఇదే రకం, దాని తాళంచెవి పోయి మూడేళ్ళయింది. పదహారు మందిమీ రోజూ ఇలాగే తీస్తాం!”