ఒక్క వంతు

"ఎవరు ముందు నొక్కిండ్రు మేడం? గదొక్కటి చెప్పుండ్రి."

ప్రవళిక హన్మండ్లు ముఖం వైపు చూడలేకపోయింది. కొత్తగా తీసిన గుండుతో, ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకే కామారెడ్డి వచ్చాడతను. డయాలసిస్ అందక అతని తండ్రి గంగారాం చనిపోయాడు. రోగులకు వంతులు కేటాయించే వెబ్‌సైటు తయారుచేసింది ప్రవళికే.

"ఇద్దరూ ఒక్కసారే నొక్కిండ్రన్నా."

"గదెట్లయితది?"

"ఎల్లారెడ్డిల ఒక మిషన్ చెడిపోయింది. మీ బాపుకు, ఆయన తమ్ముడు మీ కాక మల్లయ్యకు కలిపి ఒక్క వంతే మిగిలింది. ఎవరికో తేల్చుకోండ్రని ఇద్దరి ఫోన్లకు మెసేజ్ పోయింది. కలిసున్నప్పుడు తీసుకున్న ఖాతా, ఇద్దరికీ అదే. ఒకరు నొక్కితే ఆ పని అయ్యేదాక ఖాతాకు తాళం పడాలె, రెండో మనిషి ఆగాలె. తాళం లేదు. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డయి. వంతు ఎవరికీ కాకుంట పోయింది."

పేజీలు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని జనం విసుక్కుంటే ఆ తాళం తీసేసింది తానే. ఆ మాటా దాచకుండా చెప్పింది.

హన్మండ్లు తల అడ్డంగా ఊపాడు. "మీ మీద కోపం లేదు మేడం. పొలం గెట్టు కాడ కొట్లాడినప్పటి సంది మా కాకతోని మాటల్లేవు. ఆఖరుకు పానం కాడ గూడ పోటీకొచ్చిండు. అందుకే పాడె ముట్టనియ్యలే. వాకిట్ల నిలవడి ఏడుస్తుంటె వెళ్లగొట్టిన."

"ఆ రోజు మీ బాపు ఏమన్నడు?"

"వంతు రాలేదు, రేపు పోదాం తియ్ అన్నడు. తెల్లారేసరికి ఊపిరాడలే." కంప్యూటర్ వైపు చెయ్యి చూపాడు. "మా కాక నొక్కింది చూపియ్యుండ్రి. పెద్దమనుషుల ముందట పెడ్త."

ప్రవళిక ఆ రోజు వివరాలు తెరిచింది. ఇన్నాళ్లూ ఆమె వెతికింది ఆ రెండూ ఎలా ఢీకొన్నాయన్నదే. ఎవరేం కోరుకున్నారో చూడలేదు. ఇప్పుడు చదివింది. నమ్మలేక మళ్లీ చదివింది. తెరను మెల్లగా అతని వైపు తిప్పింది.

అన్నదమ్ములిద్దరూ నొక్కింది ఒకటే: "అతనికి ఇవ్వండి."